పెన్నుకు పుట్టిన పెన్సిలు

ఆ ప్రెస్సులో అందరూ అతన్ని ఎర్రకలం అనేవారు. పద్దెనిమిదేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాడు. ఊళ్లోవాళ్ల తప్పులు ఏరి తెచ్చుకున్న జీతంతోనే కూతురు తొమ్మిదో తరగతికొచ్చింది. ఎవరైనా అక్షరసేవ అంటే అతనికి ఒళ్లు మండేది. సేవ అయితే మెడ ఎందుకు పట్టేస్తుందండీ, అని అడిగేవాడు.

ప్రెస్సు యజమానికి పుస్తకాలు అమ్మడమే కాదు, రాయడం కూడా వచ్చునని నమ్మకం. ఒకేలా మొదలయ్యే ఇంగ్లిషు మాటల అర్థాలూ పుట్టుకా చెబుతూ బడిపిల్లల కోసం ఆయన రాసిన పుస్తకం నాలుగు ముద్రణలు పోయింది. అందులో సూత్రం ఒక్కటే: మొదలు ఒకటైతే కుటుంబం ఒకటే. పెన్నుకు పుట్టిన పిల్ల పెన్సిలు. పెన్నుతో సంతకం పెట్టి తీసుకునేది కాబట్టి పెన్షను. డాక్టరు పెన్నుతో చీటీ మీద రాసిచ్చేది కాబట్టి పెనిసిలిను. వేలు నాలుకకు తడిచేసుకుని పేజీలు తిప్పే అలవాటు ఆయనకుంది. ఆయన చేతి నుంచి వచ్చిన కాగితాల మూలలు ఎప్పుడూ చెమ్మగా ఉండేవి. ఆ తడి తగిలినప్పుడల్లా ఎర్రకలం వేళ్లు చొక్కాకు తుడుచుకునేవాడు. కాగితం వల్లనో, కాగితం మీది రాత వల్లనో అతనికే తెలిసేది కాదు.

మొదటి ముద్రణప్పుడే అతను నిఘంటువు చంకన పెట్టుకుని యజమాని గదికి వెళ్లాడు.

"అయ్యా, పెన్నుకు మూలం లాటిన్‌లో ఈక. పెన్సిలు మూలం వేరు, దానికి చిన్న తోక అని అర్థం. తోకలా ఉండే కుంచె అన్నమాట."

"తోకా?" యజమాని మొహం చిట్లించాడు. "పిల్లల పుస్తకంలో తోకలెందుకయ్యా? అక్షరం నీది, విషయం నాది. అక్షరం తప్పుంటే చెప్పు. లేకపోతే సంతకం పెట్టి వెళ్లు."

ఆ ప్రెస్సుకు యజమాని పెట్టిన పద్ధతులు రెండున్నాయి. ఎర్రసిరాతో ఏ గుర్తు పెట్టినా అక్షరాలు కూర్చే కంపోజరు అది చేసి తీరాలి, ఎందుకని అడక్కూడదు. ఆఖరి ప్రూఫు మీద దిద్దినవాడి సంతకం పడితేగాని మిషను కదలకూడదు. ఆ దిద్దినవాడి పేరు చివరి పేజీలో 'పరిశీలించినవారు' అని అచ్చవుతుంది. ఎర్రకలం సంతకం పెట్టాడు. నాలుగు ముద్రణలకూ పెట్టాడు. పెన్ను పేజీలో అక్షరదోషం ఒక్కటీ లేదు మరి. అబద్ధాన్ని అంత శుభ్రంగా దిద్దినవాడు ఇంకొకడుండడు.

ఆ అబద్ధం కంపు ఇంటిదాకా వస్తుందని మాత్రం అతను అనుకోలేదు.

ఒక సాయంత్రం కూతురు ఇంగ్లిషు పరీక్ష కాగితం తెచ్చి బల్ల మీద పడేసింది. పెన్ను ఈక నుంచి, పెన్సిలు తోక నుంచి వచ్చాయని రాసింది. పెనిసిలిను తీసే బూజు చూడ్డానికి కుంచెలా ఉంటుంది కాబట్టి అది పెన్సిలుకే చుట్టమని కూడా రాసింది. అన్నీ అన్నాల దగ్గర తండ్రి చెప్పినవే. జవాబు మీద అడ్డంగా గీత, పక్కన సున్నా.

"మా నాన్న చెప్పాడని టీచరుతో అనకపోయావా?"

"అన్నాను. ఆవిడ మీ ప్రెస్సు పుస్తకం తెచ్చి చివరి పేజీ తీసింది. 'చూసింది మీ నాన్నే కదమ్మా' అంది. క్లాసంతా నవ్వారు." కూతురు జడ విప్పుకుంటూ, అతని వైపు చూడకుండా అడిగింది. "ఇంట్లో ఒకటి, పుస్తకంలో ఒకటా? ఏది నమ్మమంటావు నాన్నా?"

"బెల్లం కొట్టిన రాయిలా కూచోకపోతే పిల్లకేదో చెప్పరాదూ," అంది భార్య వంటింట్లోంచి.

"నేను చూసింది అక్షరాలే అమ్మా," అన్నాడు.

అన్నాక ఆ మాట ఎవరిదో గుర్తొచ్చింది. ఒకడు నమిలి ఉమ్మింది తన నోట్లో పెట్టుకున్నట్టయింది. కూతురు పరీక్ష కాగితం తీసుకుని లేచి వెళ్లింది. ఆ తరవాత అన్నాల దగ్గర మాటల పుట్టుక గురించి ఆ పిల్ల ఏమీ అడగలేదు.

నెల తిరక్కుండానే అయిదో ముద్రణ ప్రూఫులు వచ్చాయి.

"పెన్ను పేజీ మార్చండి. లేదా నా పేరు తీసెయ్యండి," అన్నాడు యజమానితో.

"ఎవడయ్యా నీకు నూరిపోసింది? పిల్లలకు గుర్తుండాలి, అంతే. నిజం గిజం పెద్దయ్యాక వాళ్లే చూసుకుంటారు. ఇన్నేళ్ల పేరు నీది, అది చూసే బడులు కొంటున్నాయి." యజమాని వేలు తడుపుకుని, చివరి పేజీ తీసి, అతని చేతిలో పెట్టాడు. "సాయంత్రానికి సంతకం కావాలి."

ఎర్రకలం తన బల్ల దగ్గరికొచ్చి కూచున్నాడు. పేజీ మూల ఇంకా ఆరలేదు. అది ఆరేదాకా చూసి, తన పేరు మీద ఈ చివర నుంచి ఆ చివరకు గీత కొట్టి, పక్కన తీసెయ్యమనే గుర్తు పెట్టాడు. కంపోజరమ్మకు ఇచ్చాడు. అతనితో సమానంగా ఆ గదిలో కళ్లు పోగొట్టుకున్న మనిషి ఆవిడ.

"ఇదేంటన్నయ్యా, మీ పేరే కొట్టేశారు? అక్షరాలన్నీ బాగానే ఉన్నాయిగా."

"ఎర్రగీత కనబడుతోందా?"

"కనబడుతోంది."

"ఎందుకని మీరు అడక్కూడదు కదమ్మా."

ఆవిడ కళ్లద్దాల పైనుంచి చూసింది. "పెద్దాయన ఊరుకోడు."

"ఊరుకోడు."

"మరి సంతకమో?"

"పరిశీలించినవాడు కదా పెట్టాల్సింది. వాడిప్పుడు ఆ పేజీలో లేడు."

"పెట్టిన రూలు పెట్టినవాడికే చుట్టుకుందన్నమాట," అని నవ్వి, ఆవిడ అతని పేరు చెరిపేసింది.

మిషను రెండ్రోజులు ఆగింది. మూడోనాడు యజమాని బావమరిది సంతకంతో, చివరి పేజీలో ఆ బావమరిది పేరుతో కదిలింది. పేపరు చేతికిస్తే బొమ్మలు చూసి తిరిగిచ్చే ఘనుడతను. ఎర్రకలాన్ని పనిలోంచి తీసెయ్యలేదు. శుభలేఖలూ రసీదు పుస్తకాలూ దిద్దే మూలకు నెట్టారు. పుస్తకంలో ఒక్క ముక్క మారలేదు. తన పేరు పోయినంత మాత్రాన కంపు పోలేదని అతనికీ తెలుసు.

కొత్త ప్రతి ఒకటి ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాడు. కూతురు ముందు చివరి పేజీ తీసింది. వేలు పెట్టి రెండుసార్లు చూసింది.

"పెన్ను పేజీ?"

"అలాగే ఉంది."

"ఛీ," అంది. పుస్తకాన్ని అవతలికి నెట్టేసింది. "అయితే ఈసారి కూడా నాకు సున్నాయే."

"సున్నాయే."

కూతురు కంచం ముందుకు లాక్కుంది.

"పెన్షను సంగతి నువ్వింకా చెప్పనేలేదు," అంది.

"అది తూకం నుంచి వచ్చింది," అని అతను మొదలుపెట్టాడు.