తగ్గించిన శ్రుతి

ఈ బరువు ఎన్నో ఏళ్లుగా మోస్తున్నాను. మా ఆవిడకు చెప్పలేదు. బ్యాండులో వాళ్లకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కోకాపేటలో మా ఫ్లాటుకొస్తే ఒక గది నిండా గిటార్లు, యాంప్లు, కాలితో నొక్కి గిటారు నాదం మార్చే పెడళ్లు. నా వాయింపులో లోపం కనిపించినప్పుడల్లా కొత్త పెడల్ కొనేవాణ్ణి. ఆడలేక మద్దెల ఓడన్న సామెత నన్ను చూసే పుట్టి ఉంటుంది.

తెలంగాణ ఉద్యమం ఉద్ధృతంగా సాగుతున్న రోజులు. హైటెక్ సిటీలో ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్లం నలుగురం కలిసి రాక్ బ్యాండు పెట్టుకున్నాం. నేను గోదావరి జిల్లా వాణ్ణి, మణికొండలో అద్దెకుండేవాణ్ణి. రెండో గిటారిస్టు శ్రీశైలం నల్గొండ వాడు. వాడిది పెచ్చులూడిన నాసిరకం గిటారు. శ్రుతి చేసేటప్పుడు దాని చెక్కకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని ఒక్కో తీగా బిగించేవాడు. అలాంటి గిటారులోంచి అంత నాదం ఎలా వచ్చేదో! వింటే ఒళ్లు గగుర్పొడిచేది. ఆ వెంటనే కడుపు మండేది. రెండూ నిజమే.

ఆఫీసు వార్షికోత్సవంలో ఇద్దరం చెరో పాటలో సోలో వాయించాలి. ఎవరిది బాగుంటే వాడే ఇక బ్యాండుకు లీడ్ గిటారిస్టు. బందుల వల్ల వాయిదా పడుతూ వచ్చిన ఉత్సవం అది. ఆ రోజు హాల్లో ఒక మూల జై తెలంగాణ, మరో మూల సమైక్యాంధ్ర. ఆ గోలలో వాడి తీగలు వాడికే వినపడలేదు.

"భై, జర నీ ట్యూనర్ ఇస్తవా?" అన్నాడు.

ట్యూనర్ అంటే తీగ శ్రుతి కుదిరితే పచ్చలైటు వెలిగే చిన్న పెట్టె. దానికొక బటన్ ఉంటుంది. నొక్కితే ఆ పెట్టె లెక్కే మారిపోతుంది, శ్రుతి తగ్గినా లైటు పచ్చగానే వెలుగుతుంది. మిగతా వాళ్లం అప్పటికే శ్రుతి చేసుకున్నాం. నేను ఆ బటన్ నొక్కి ఇచ్చాను. ముందే అనుకున్నానా? లేదు. అప్పటికప్పుడు తోచింది అంటే మాత్రం తప్పు తగ్గుతుందా?

తీగలన్నీ కలిపి మీటిన మొదటి కార్డుకే కీబోర్డుది ఒక దారి, వాడి గిటారుది ఒక దారి. జనం మొహాలు చిట్లించారు. శ్రీశైలం ఉలిక్కిపడ్డాడు. ఆ తర్వాత జరిగింది నేను ఇప్పటికీ నమ్మలేను. తీగను వేలితో పక్కకు నెడితే స్వరం పైకి లేస్తుంది. వాడు కార్డులు మానేసి, ఒక్కో స్వరాన్నే పట్టుకుని, ప్రతిదాన్నీ దాని సరైన చోటికి ఎత్తుతూ పోయాడు. వేగంగా సాగే సోలోలో, ప్రతి స్వరాన్నీ, చివరిదాకా. మూలల్లో నినాదాలు ఆగిపోయాయి. మనిషన్నవాడి చేత అయ్యే పనేనా అది? నా మెడలో ఖరీదైన గిటారు వేలాడుతోంది. దాన్ని తాకడానికే సిగ్గేసింది.

వేదిక దిగాక వాడు కమిలిన వేళ్లు చూసుకుంటూ కూర్చున్నాడు.

"నీ మిషన్ల అన్ని తీగలకు పచ్చలైటే వచ్చింది భై. షురూ చేసినంక అంత ఉల్టా ఇనొచ్చింది. అంటే నా చెవే ఖరాబైందా?"

అప్పుడైనా చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"అయ్యుండొచ్చు రా," అన్నాను.

"చెవే పోతే ఇగ ఏం వాయిస్త?" అని లేచాడు.

మళ్లీ రిహార్సల్‌కు రాలేదు. కొన్నాళ్లకు ఉద్యోగం మారాడు. గిటారు ముట్టడమే మానేశాడని విన్నాను. ఆంధ్రావాళ్లతో పడక వెళ్లిపోయాడని ఆఫీసులో అనుకున్నారు. నన్నడిగినప్పుడు, "రోజులలా ఉన్నాయండీ," అని నిట్టూర్చాను. అసూయ నాది, నింద ఉద్యమానిది. లీడ్ గిటారిస్టునూ అయ్యాను.

రాష్ట్రం వచ్చి కూడా ఏళ్లయింది. అప్పుడప్పుడూ ఆ ట్యూనర్ తీసి, అలాగే శ్రుతి తగ్గించుకుని, కీబోర్డు రికార్డింగ్‌కు తోడుగా వాడిలా వాయించబోతాను. కాసేపటికే చేతులెత్తేస్తాను. ఆడలేనివాడు మద్దెల ఓడంటాడు. మద్దెల నిజంగానే ఓడైనా ఆడి చూపించినవాడు, తప్పు తనదే అనుకున్నాడు.

క్షమించమని అడగను. అడిగే మొహం లేదు. చెప్పాను, ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే. శ్రీశైలం, నీ చెవి చెడిపోలేదురా. ఆ రోజు ఆ హాల్లో సరిగ్గా ఉన్నది అదొక్కటే.