తోట లేదన్న రోజు

ఆ రోజుల్లో నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. వయసు నలభై ఆరు, కంప్యూటరు ముందు మాత్రం కొత్తగా పలక పట్టిన పిల్లనే (ఆ సంగతి నేను తప్ప అందరూ గ్రహించారు). నూజివీడులో ఒక మామిడికాయల కమిషన్ కొట్లో లెక్కలు చూసేదాన్ని. మా మేనకోడలు వాటన్నిటినీ కంప్యూటరుకెక్కించి, సరుకు పట్టికలో 'తోట' అనే ఒక్క గడిలోనే తోట పేరు, ఊరు, రైతు పేరు సర్దిపెట్టి, ఏది కావాలంటే అది అడిగి తీసుకోవడం నేర్పి వెళ్లింది.

మే నెలలో ఒక మంగళవారం రసాల పెట్టెలు లారీకెక్కాయి. పెట్టె మీద చీటీలో తోట ఉన్న ఊరి పేరు ఉండాల్సిందేనన్నాడు కొనే షావుకారు. ఎండెక్కేలోపు లారీ కదలకపోతే కాయ మెత్తబడుతుంది. నేను ధీమాగా తోట, చుక్క, ఊరు అని కొట్టాను. తోట అనే పట్టిక లేదు పొమ్మంది కంప్యూటరు. మళ్లీ కొట్టాను (ఈసారి గట్టిగా). అదే జవాబు.

"ఇంకా ఎంతసేపమ్మా?" గుమ్మంలోంచి అడిగారు మా యజమాని.

"తోట లేదంటుందండీ."

మా వైపు పూత మీదే తోట కొనేస్తారు. కాయంతా దిగేదాకా వ్యాపారి గుండె ఆ కొమ్మలకే వేలాడుతుంటుంది. ఆ ఏడు ఆయన కొన్న జి. కొండూరు తోటలో ఇంకా సగం కాయ చెట్ల మీదుంది. రైతు దాన్ని ఇంకొకరికి అమ్మేశాడనుకున్నారాయన. "నాకు ముందే అనుమానం," అంటూ బండెక్కి వెళ్లిపోయారు. నా వివరణ వీధి మలుపు దాకా ఆయన వెంట వెళ్లి ఒంటరిగా తిరిగొచ్చింది.

మేనకోడలికి ఫోన్ చేశాను.

"అత్తా, తోటకి బ్రాకెట్లు పెట్టావా?"

"ఒక్క మాటకి బ్రాకెట్లెందుకే? ఒక్క కాయకి బుట్టెవరు వెతుకుతారు?"

"అవి లేకపోతే చుక్క ముందున్నది పట్టిక పేరనుకుంటుంది. తోట పట్టిక కాదుగా, అందులో గడి. దాన్ని బ్రాకెట్లలో పెట్టి, తర్వాత చుక్క, ఊరు కొట్టు."

కొట్టాను. ఊళ్లన్నీ బుద్ధిగా వరసకట్టి వచ్చాయి. చీటీలంటించుకుని లారీ హనుమాన్ జంక్షన్ వైపు కదులుతుంటే ఫోన్ మోగింది.

"తోట ఇక్కడే ఉందమ్మా," యజమాని ఇంకా ఆయాసపడుతున్నారు. "రైతు మజ్జిగ కూడా ఇచ్చాడు."

"ఇక్కడ కూడా దొరికిందండీ," అన్నాను.

ఆ తర్వాత ఏటా పూతకాలంలో "తోట ఉందామ్మా?" అని నవ్వుతూ అడిగేవారు. నేను మూతి ముడుచుకునేదాన్ని. ఆ కొట్టు మూసేసి చాలా కాలమైంది. ఇప్పుడు పూత వాసన తగిలితే, అడిగేవాళ్లు లేకపోయినా, నాలో నేనే జవాబు చెప్పుకుంటాను: (తోట) ఉందండీ. బ్రాకెట్లు మాత్రం మరిచిపోను.