నెమలిబండ బాటలో చివరి మనిషి

వెల్దుర్తికి పడమట ఉన్న కొండల్లోకి ఒక కాలిబాట పోతుంది. దాన్ని నెమలిబండ బాట అంటారు. ఆదివారాలు మాచర్ల నుంచీ నరసరావుపేట నుంచీ ట్రెక్కింగ్ కోసం వచ్చేవాళ్ళు ఆ బాటన పైకెక్కుతారు. ఆ వరసలో అందరికంటే వెనక ఒక పెద్దావిడ నడుస్తుంటుంది. తలమీదుగా కొంగు, చేతిలో కర్ర. ఎవరైనా అలసి ఆగితే తనూ ఆగుతుంది. తన వెనక మాత్రం ఎవర్నీ మిగలనివ్వదు. ఆవిడ పేరు చాంద్ బీ.

చాంద్ బీ భర్త ఖాదర్ వలి బోరు మోటార్లు బాగుచేసేవాడు. వేసవి దాటితే ఆ పని పలచబడేది. అప్పుడు ఆమె సీతాఫలాలు కోసుకురావడానికి కొండెక్కేది. పక్కింటి ఇందిర ఆమెకు జత. ఇందిర భర్త బాబూరావుకు ఊరి చివర మెట్టచేను ఉండేది. పత్తి దెబ్బతిన్న ఏడాది ఇందిర కూడా గంప పట్టుకుని బయల్దేరింది. చాంద్ బీ కంటే బాగా చిన్నది, మాటకారి, దేనికీ జడిసే రకం కాదు.

కొండకు పోయే ఆడవాళ్ళకు ఒక కట్టుబాటు ఉండేది. అడవిలో ఎవరైనా వెనకనించి పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకకూడదు. మూడోసారి పిలిస్తేనే పలకాలి. మనిషి కానిదేదైనా అయితే రెండుసార్లు పిలిచి ఊరుకుంటుందని వాళ్ళ నమ్మకం. ఇందిరకు ఇది విని నవ్వాగేది కాదు.

"దెయ్యానికి మూడుదాకా లెక్క రాదా ఏందక్కా?" అనేది.

ఒక రోజు తెల్లవారాక కూడా మంచు విడవలేదు. నెమలిబండ దాటాక చాంద్ బీ ఒక పొదదగ్గర ఆగింది. ఇందిర మలుపు తిరిగి ముందుకు పోయింది. కాసేపటికి "చాందక్కా" అని పిలుపు వినపడింది. చాంద్ బీ కాయలు కోసే దోటికర్ర పైకెత్తి ఉన్నది ఉన్నట్టే ఆగిపోయింది. మళ్ళీ "చాందక్కా" అని వినపడింది. ఈసారి గొంతు కాస్త సన్నగా ఉంది. జవాబు నోటిదాకా వచ్చింది. మూడోసారి పిలవనీ అనుకుని ఊపిరి బిగబట్టుకుని నిలబడింది.

మూడో పిలుపు రాలేదు.

తర్వాత తనే గొంతు చించుకుని పిలిచింది. మంచులో పొదలన్నీ కలయదిరిగింది. మలుపు అవతల ఇందిర గంప కనపడింది. నిండుగా కాయలతో, ఒక్కటీ దొర్లకుండా, ఎవరో నెమ్మదిగా దించిపెట్టినట్టు ఉంది. మనిషి లేదు.

చాంద్ బీ పరుగున ఊళ్ళోకి దిగి, జరిగిందంతా చెప్పింది, పిలుపుల సంగతితో సహా. మగవాళ్ళు కొండంతా గాలించారు. పోలీసులూ వచ్చారు. ఏ జాడా దొరకలేదు. ఊరు కొన్నాళ్ళు బాధపడింది, ఆ తర్వాత మాట మార్చింది. గంప అంత పొందిగ్గా దించి పోయిందంటే కావాలనే పోయిందన్నారు. కృష్ణ అవతలికి పోయే బస్సులో ఎవరితోనో చూశామని ఒకరిద్దరు చెప్పారు. ఇందిర లేచిపోయిందన్న మాట స్థిరపడిపోయింది. బాబూరావు కూడా అదే నమ్మాడు. గోడమీది ఫొటో తీసి పెట్టె అడుగున పడేశాడు. ఇంకా చిన్నపిల్లయిన కూతురు రోహిణిని బెల్లంకొండలో ఉన్న తన అక్క దగ్గర వదిలి వచ్చాడు.

"లేచిపోయేది నన్నెందుకు పిలుస్తదిరా?" అని చాంద్ బీ కనపడిన ప్రతివాణ్ణీ అడిగింది.

ఆ పిలుపు మాత్రం ఆమెను వదల్లేదు. పొయ్యి ముందు కూర్చున్నప్పుడు, బట్టలు పిండుతున్నప్పుడు, సంతలో బేరమాడుతున్నప్పుడు "చాందక్కా" అని వినపడేది. కాసేపటికి మళ్ళీ అదే, సన్నగా. ఆపైన ఏమీ లేదు. ఖాదర్ వలి ఆమెను దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించాడు. అయినా ఆగలేదు. కొన్నాళ్ళకు భయం పోయింది. భయం పోయినచోట ఎదురుచూపు మిగిలింది. ఉన్నట్టుండి భార్య చెయ్యి కదలకుండా నిలిచిపోతే ఖాదర్ వలికి తెలిసిపోయేది. తన పానా చప్పుడు ఆపి, ఆమె ఊపిరి వదిలేదాకా కూర్చునేవాడు. పోయేముందు జబ్బుమంచంలో కూడా ఒకసారి అడిగాడు, "ఇవాళ పిలిచిందా?" అని.

భర్త పోయాక ఇంట్లో ఆ గొంతు మరీ ఎక్కువైంది. ఆ రోజుల్లోనే మాచర్లలో పాఠాలు చెప్పే రవిశంకర్ అనే అతను అనుమతులు తెచ్చుకుని, రాళ్ళమీద పసుపురంగు బాణాలు వేసి, పట్నంవాళ్ళను కొండకు నడిపించడం మొదలుపెట్టాడు. చాంద్ బీ అతని దగ్గరికి పోయి, తనూ వస్తానంది.

"ఈ వయసులో మీకెందుకమ్మా ఈ ఎక్కుడు?"

"నేను ఎనక నడుస్తా బాబూ. ఎనక ఒక మనిషి ఉండాల."

ఆమె సంగతి రవిశంకర్ విని ఉన్నాడు. వచ్చే ఆదివారం నుంచే రమ్మన్నాడు.

ఆ నడకల్లో చాంద్ బీ చాలామందిని కొండ ఎక్కించి దించింది. పిలుపు కొండమీద కూడా వినపడేది. అందరూ ఫొటోలు దిగుతుంటే తను చెట్ల వైపు తిరిగి నిలబడేది.

మొన్నటి వానాకాలం ఒక ఆదివారం, గుంపులో ఒక అమ్మాయి దిగింది. నరసరావుపేట ఆసుపత్రిలో నర్సునని చెప్పింది. చాంద్ బీ ఆ ముఖం చూసి కర్రమీద బరువు మోపి నిలబడిపోయింది.

"నేను రోహిణిని పెద్దమ్మా. బాబూరావు కూతుర్ని. నాన్నకు చెప్పకుండా వచ్చా."

"ఎందుకొచ్చావమ్మా?"

"మా అమ్మ లేచిపోయిందని చిన్నప్పటినించీ వింటన్నా. పోయిన చోటు ఒకసారి చూద్దామని."

ఇద్దరూ అందరికంటే వెనక నడిచారు. నెమలిబండ దాటి మలుపు దగ్గరికి వచ్చేసరికి మబ్బు కమ్మి వెలుగు తగ్గింది. ముందుపోయేవాళ్ళ మాటలు చెట్లలో కలిసిపోయాయి.

"చాందక్కా."

చాంద్ బీ ఎప్పటిలాగే ఆగింది. రెండోది రావాలి. దానికోసం చెవి పెట్టింది. రోహిణి ఆమె మోచెయ్యి తాకింది.

"పెద్దమ్మా, మిమ్మల్నెవరో పిలుస్తన్నారు."

ఇన్నేళ్ళలో ఆ గొంతు మరో మనిషి చెవిన పడలేదు.

"నీకూ ఇనపడిందా?"

"ఆ. కిందనించి. ఎవరామె?"

చాంద్ బీకి అప్పుడు తెలిసింది, తను రెండోదానికి చూడనక్కర్లేదని. ఆ రెండూ ఇందిర పోయిన రోజే అయిపోయాయి. ఇది మూడోది. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా పలికింది.

"ఓయ్ ఇందిరా, వస్తన్నానే."

ఆ పేరు విని రోహిణి బాట పక్కన కూలబడింది. "అది మా అమ్మ గొంతా?" అంది. చాంద్ బీ తల ఊపింది. "నేను గుర్తుపట్టలేదు పెద్దమ్మా" అంటూ ఆ పిల్ల ఏడ్చింది.

చాంద్ బీ బాట విడిచి, పొదలు పట్టుకుంటూ వాలు వెంట దిగింది. కేక విని రవిశంకర్ వెనక్కి వచ్చి ఆమె వెంట దిగాడు. గంప దొరికిన చోటుకు కాస్త దిగువన, తీగలు దట్టంగా అల్లుకున్నచోట, రెండు బండల మధ్య మనిషి పట్టేంత సందు ఉంది. పైనించి చూస్తే నేలలాగే కనిపిస్తుంది. రవిశంకర్ తీగలు తొలగించి ఫోను లైటు వేశాడు. అడుగున ఎముకలున్నాయి, ఒక రబ్బరు చెప్పు, ఆకుపచ్చ గాజుల ముక్కలు ఉన్నాయి.

పోలీసులు వచ్చి ఎముకలు పైకి తీశారు. రోహిణి రక్తంతో పోల్చి చూసి, కొన్ని నెలల తర్వాత ఇందిరే అని తేల్చారు. కాలి ఎముక విరిగి ఉందన్నారు. పడ్డాక ఎంతసేపు బతికి ఉందో చెప్పలేమన్నారు. ఆ ఒక్క మాట ఎందుకు చెప్పారా అని చాంద్ బీ ఇప్పటికీ అనుకుంటుంది.

కర్మకాండ అయ్యాక బాబూరావు చాంద్ బీ ఇంటికి వచ్చాడు. అరుగుమీద కూర్చున్నాడు.

"ఊరంతా అన్నారక్కా. నేనూ అన్నా. పిల్లకు కూడా అదే చెప్పా."

చాంద్ బీ మంచినీళ్ళు ఇచ్చింది. అతను తాగలేదు. గ్లాసు పట్టుకుని పొద్దువాలేదాకా కూర్చుని లేచి వెళ్ళాడు.

రోహిణి మాత్రం సెలవు దొరికినప్పుడల్లా వస్తోంది. తల్లి ఎట్లా నవ్వేది, కొంగు ఎట్లా దోపేది, ఏ కూర ఇష్టంగా తినేది, అన్నీ అడుగుతుంది. చాంద్ బీ చెబుతుంది. ఒకనాడు ఆ పిల్ల అడిగింది, "నన్ను ఏమని పిలిచేది పెద్దమ్మా? ముద్దుగా ఏదో ఒకటి అనేది గదా?"

అనేది. ఇంటి ముందు నిలబడి పొద్దుగూకేవేళ పిల్లను ఆ పేరుతోనే కేకేసేది. అది ఏ పేరో చాంద్ బీకి ఎంత తలుచుకున్నా అందలేదు. తన పేరు పిలిచిన గొంతును ఇన్నేళ్ళు చెవిలో మోసింది. పిల్లను పిలిచిన మాట మాత్రం జారిపోయింది.

"గుర్తులేదమ్మా" అంది.

"పర్లేదులే" అని రోహిణి ఆమె చెయ్యి పట్టుకుంది.

ఆ పిలుపు ఇప్పుడు ఇంట్లోనూ లేదు, సంతలోనూ లేదు. చాంద్ బీ ఆదివారాలే కాక మామూలు రోజుల్లో కూడా ఒంటరిగా కొండెక్కుతోంది. ఆ బండల పక్కన కూర్చుని, పిల్ల పేరు ఒక్కసారి చెప్పమని ఇందిరను అడుగుతుంది. ఎండ చల్లబడ్డాక లేచి, చీర దులుపుకుని, దిగి వస్తుంది.