వంటింటి గోడ మీది టమాట విత్తనం

మా అన్న మా వదినకు ఒక మాట ఇచ్చాడు. పెళ్లయిన కొత్తలో, పుట్టిల్లు రుద్రవరం నుంచి ఆమె కొంగున ముడివేసుకొని తెచ్చిన టమాట విత్తనాలను చూసి, "బావి పక్కన సాళ్లు నీయి. ఆడ నేను కాలు పెట్టను" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను, విన్నాను. టమాట ధర ఎగబాకిన ఒక ఏడాది ఆ సాళ్లను కూడా దున్నించి కంపెనీ నారు నాటించాడు. అది ఎప్పటి మాటో. మొన్న నంద్యాలలో నా ఫోను మోగింది. అన్న గొంతు. "మీ వదిన పోయిందిరా. బేగా రా."

ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం. ఆళ్లగడ్డ బస్సెక్కి శిరివెళ్ల దాటేవరకు నా కళ్ల ముందు ఉన్నది ఆమె వంటింటి గోడ.

ఆ గోడ సంగతి మీకు చెప్పాలి. మా వదిన విత్తనాన్ని సీసాలో, పొట్లంలో దాచే మనిషి కాదు. కాయ చెట్టునే పండి తొక్క పగిలేదాకా వదిలేది. దాన్ని పిండి, గుజ్జులో పొయ్యి బూడిద కలిపి, వంటింటి మట్టిగోడకు వేళ్లతో పూసేది. ఎండాక బూడిదరంగు చారలు మిగిలేవి. వానలు పడ్డాక కత్తితో గీకి మట్టిలో చల్లేది. బావి పక్కన సాళ్లు పోయాక ఆమె సేద్యమంతా పెరట్లో పాత రంగు డబ్బాల్లోకి, పగిలిన కుండల్లోకి వచ్చింది. ఆ రకం విత్తనం, నాకు తెలిసినంతలో, ఆ గోడ మీద తప్ప ఎక్కడా లేదు.

కాయ చూడడానికి ఏమీ బాగుండదు. గుమ్మడికాయకు ఉన్నట్టు గాట్లు, ఎంత పండినా తొడిమ దగ్గర పోని పచ్చదనం, వేలు తగిలితే చిట్లే తొక్క. సంతకు తీసుకుపోతే సగం రసం గంపకే. అందుకే ఏ వ్యాపారీ దాన్ని ముట్టలేదు. నోట్లో పెట్టుకుంటే పులుపు ముందుగా దవడల్లో గుచ్చుతుంది. తర్వాత నిదానంగా తీపి. మింగాక ఆకు నలిపినప్పటి వాసన ఒకటి ముక్కు వెనక కాసేపు నిలిచిపోతుంది. పచ్చిమిరపకాయలతో మగ్గబెట్టి, వేయించిన వేరుశనగలు వేసి ఆమె రోట్లో ఊరిబిండి నూరితే చింతపండు పని ఉండేది కాదు. చదువుకునే రోజుల్లో ఆ ఊరిబిండి, జొన్నరొట్టె తిని పెరిగాను. ఈ నాలుగు అక్షరాలు రాయగలగడంలో ఆ రొట్టెలకు భాగం ఉంది.

విత్తనానికి వదిలిన కాయకు ఎర్రగుడ్డ పేలిక కట్టేది. ఒకసారి నేను అలాంటి కాయ మీద చెయ్యి వేశాను.

"ఏయ్ మరిదీ! ఎర్రగుడ్డ కనపల్లేదా? చదువుకున్న కండ్లు గదా, అద్దాలు మార్చుకోపో."

"ఒక్క కాయే గదా వదినా."

"ఆ ఒక్కదాంట్లో వొచ్చే ఏడు ఉండాది. వొచ్చే ఏడును నోట్లో ఏసుకుంటావా?"

టమాట మన నేలది కాదనీ, సముద్రాల అవతల పుట్టి ఓడలెక్కి వచ్చిందనీ పుస్తకాల్లో చదివి ఆమెకు గొప్పగా చెప్పాను. పొయ్యి ఊదుతూనే జవాబిచ్చింది. "అయితే ఏందీ? నేను మాత్రం ఈడ పుట్టినానా? రుద్రవరం నుంచి బండెక్కి వొచ్చినా. మీ యమ్మ వంటింట్లోకి రానీలేదా?"

ఉద్యోగం అయిపోయాక ఆ విత్తనం పుట్టుక వెతకడానికి తిరిగాను. రుద్రవరంలో ఆమె చిన్నమ్మ, "మాది నవాబు తోట విత్తనమప్పా. బనగానపల్లె నుంచి వొచ్చింది" అంది. బనగానపల్లె వెళితే మామిడి గురించి పొద్దుగూకేదాకా చెప్పారు గానీ టమాట ఎవరికీ గుర్తులేదు. నవాబును తగిలించుకోవాలని ఏ ఇంటికి ఉండదు? చివరికి వెలుగోడులో ఒక పెరట్లో అవే గాట్ల కాయలు కనిపించాయి. ఆశగా కొరికాను. తొక్క మందం, లోపల నీళ్లు. పక్క చేలోని కంపెనీ రకంతో ఎప్పుడో కలిసిపోయింది. ఆ ఇంటివాళ్లు దాన్ని ఇంకా పాత రకమనే తింటున్నారు. అది చచ్చిపోయిన సంగతి వాళ్లకు తెలియలేదు. నాకు భయం మొదలైంది ఆ పెరట్లోనే.

తిరిగొచ్చి గుప్పెడు విత్తనం అడిగాను, నంద్యాలలో మేడ మీద పెంచుతానని.

"ఇయ్యను" అంది. "పాత విత్తనాలు కాపాడతానని జీపులో వొచ్చిన ఆయప్ప గోడంతా గీక్కోని పోయినాడు. మొలిచినాయని ఒక మాట చెప్పను గూడా రాలే. నాకు రెండేండ్లు పట్టింది మళ్లా నిలబెట్టుకునేకి. నీకు ఊరిబిండి గావాలంటే పంపిస్తా."

ఆ జీపు ఆయప్ప ఇప్పుడు మీటింగుల్లో దేశవాళీ విత్తనాల మీద ఉపన్యాసాలు ఇస్తున్నాడని విన్నాను. చప్పట్లు కొట్టేవాళ్లు ఆయన మేడ మీద ఒక్క మొక్కయినా ఉందేమో ఎక్కి చూడాలి. ఆమెకూ ఉండేది భయమే. ఇస్తే పోతుందని ఆమె భయం. ఇవ్వకపోతే పోతుందని నాది.

ఫోను వచ్చిన ఆ రోజు అన్న ఇంటికి చేరి, ఆమె కాళ్లకు మొక్కి, నేరుగా వంటింట్లోకి వెళ్లాను. పెరట్లో డబ్బాలు, కుండలు ఎండిపోయి ఖాళీగా ఉన్నా, గోడ మీద చారలు ఉన్నాయి. గీకుదామని చెయ్యి ఎత్తాను. కానీ దినాలు అయ్యేదాకా మైలింటి నుంచి చెంచా కూడా బయటికి పోకూడదని గడపలోనే పెద్దలు కూర్చొని ఉన్నారు. అన్నను పక్కకు పిలిచాను.

"అన్నా, పొయ్యి ఎనక గోడ ముట్టొద్దు. దాని మీద విత్తనం ఉండాది."

"ముట్టనులేరా. ఇప్పుడు గోడల మాటేందీ? గమ్మునుండు."

ఆయన మాట ఏపాటిదో నాకు తెలుసు. నంద్యాలకు వచ్చాక నిద్ర లేదు. వాన మబ్బు పడితే మట్టిగోడ తడుస్తుందేమోనని భయం. ఎలుక చప్పుడైతే ఆ ఇంటి ఎలుకలు గుర్తొచ్చేవి. ఫోను చేస్తే అన్న విసుక్కున్నాడు. "గోడ ఆడే ఉండాది. యాడికీ పోలే."

పెద్ద దినానికి ముందురోజు ఆళ్లగడ్డలో దిగి సందు మలుపు తిరగ్గానే తడి సున్నం వాసన తగిలింది. లోపలికి వెళితే ఇల్లంతా తెల్లగా మెరుస్తోంది. వంటిల్లు కూడా.

"చుట్టాలు వొస్తారు గదరా. మైలిల్లు. సున్నం కొట్టియ్యకుంటే నలుగురూ ఏమంటారు?" అన్నాడు అన్న.

"గోడ ముట్టనంటివే!"

"గోడకేమయింది? ఆడే ఉండాదే. మరకలు పోయినాయి, అంతే."

మరకలు! ఆ గోడకు ఎదురుగా పీట వేసుకొని ఆయన జీవితమంతా భోంచేశాడు.

నేను చెంచా తీసుకొని గోడ గీకాను. పొరలు పొరలుగా సున్నం, బూడిద, దానిలో అక్కడక్కడా విత్తనాలు. వదిన పోయిన దుఃఖానికి నాకు మతి చలించిందని చుట్టాలు గుసగుసలాడారు. ఆడనీ అనుకున్నాను.

మర్నాడు ఆమెకు ఇష్టమని విస్తట్లో టమాట ఊరిబిండి కూడా పెట్టించారు. బజారు కాయలే, చింతపండు వేసి నూరారు. అన్న ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకొని కళ్లు తుడుచుకున్నాడు. "అచ్చం దాని చేతిదే రా" అన్నాడు. ఆయన ఏడుపు నిజమే. నేనూ ఒక ముద్ద తిన్నాను. ఏదో తక్కువైందని తెలుస్తోంది. ఏమిటది అని వెతుక్కుంటే ఒక క్షణం ఆమె ఊరిబిండి రుచి నాలుకకు గుర్తే రాలేదు. నా బతుకులో అంత భయం ఎన్నడూ పడలేదు. ఈ రుచి ఇలా ఉండేదని రేపు నేను చెబితే, ముసలాడి చాదస్తమనుకుంటారు. చూపించడానికి కాయ ఉండదు.

గీకిన విత్తనాలు ఇప్పుడు నంద్యాలలో, నా గది కిటికీలో, తడిగుడ్డలో మూటగా ఉన్నాయి. పొద్దునే లేచి దాని మీద నీళ్లు చిలకరిస్తున్నాను. సున్నం విత్తనం కడుపును కాల్చి ఉంటుందో లేదో తెలియదు. ఈపాటికి మొలకలు రావాలి. మూట విప్పి చూసే ధైర్యం నాకు లేదు. వదినను తీసుకుపోయింది వయసు, దానితో నాకు తగవు లేదు. ఆ గుడ్డలో ఏమీ లేకపోతే మాత్రం నేను తప్పుపట్టేది ఒక్క మనిషిని. జీపు ఆయప్పను కాదు, సున్నం కొట్టిన కూలివాణ్ణీ కాదు. ఆమె చేతి ముద్ద తింటూ ఒక్కసారి కూడా తలెత్తి గోడ చూడని మా అన్నను.