మళ్ళీ తాత, టైలర్ పిన్ని కత్తెర

మా తాతయ్య వీధి చివర ఇరుకు గదిలో కత్తులకూ కత్తెరలకూ సాన పడతాడు. అందరూ ఆయన్ని మళ్ళీ తాత అంటారు. జరిగిందంతా మళ్ళీ జరుగుతుందని, పోయిందేదైనా తిరిగి వస్తుందని ఆయనకు గట్టి నమ్మకం. నలభై ఏళ్ళు తిరిగే రాయి ముందు కూర్చుంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది కాబోలు. కళ్ళజోడు పోతే వెతకడు. అదే వస్తుందంటాడు. నిజంగానే వస్తుంది, అమ్మమ్మ మంచం కింద దూరి తెస్తుంది కాబట్టి. చెప్పిన కథే మళ్ళీ చెబుతాడు. ఆయన సిద్ధాంతానికి అంతకన్నా పెద్ద ఋజువు నాకింతవరకు దొరకలేదు. ఆ మాటే అంటే, ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివినదానివి, ఇది నీకు కాక ఎవరికి అర్థం కావాలంటాడు.

రాయి తిరగడమే చూస్తారు, అరగడం చూడరేం, రాలిన పొడి తిరిగొచ్చి రాయికి అంటుకుంటుందా అని అమ్మమ్మ వాదన. జవాబుగా తాతయ్య సాన చక్రం పెడల్ ఇంకాస్త గట్టిగా తొక్కుతాడు.

మొన్న టైలర్ పిన్ని వచ్చింది. చేతిలో వాళ్ళమ్మ వాడిన కత్తెర. ఏటా రెండుసార్లు తెస్తుంది. ఈసారి కూతురి పెళ్ళి బట్టలు దాంతోనే కత్తిరించాలట. తాతయ్య దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. వాదర కాగితంలా పల్చబడి ఉంది. ఇన్నేళ్ళూ దాన్ని అరగదీసింది ఆయన చేతులే. కత్తెర దించి పిన్ని వైపు తిరిగాడు.

"ఇంకొక్క సానకి ఆగుతుందేమో అమ్మాయ్. పట్టేటప్పుడు విరిగినా విరగొచ్చు. విరిగితే మాత్రం ఇది మళ్ళీ రాదు."

ఆయన నోట ఆ మాట వినేసరికి నాకు నవ్వాగలేదు. పిన్ని నవ్వలేదు. కొత్తది కొనుక్కోమని చెప్పి చూశాడు. ఆమె కదల్లేదు.

"అంతా మళ్ళీ జరుగుతుందంటావుగా బాబాయ్. ఈ రోజు కూడా మళ్ళీ వస్తుందనే అనుకో. వచ్చిన ప్రతిసారీ ఇలా భయపడి తప్పుకుంటూనే ఉంటావా?"

తాతయ్య చక్రం జోలికి పోలేదు. చేతిరాయి తీసి, నూనె చుక్క వేసి, పసిబిడ్డకు గోళ్ళు తీస్తున్నంత జాగ్రత్తగా మధ్యాహ్నం దాకా రుద్దాడు. ఆ తర్వాత కొట్టు మూసి ఆమె వెంట నడిచాడు. నేనూ వెళ్ళాను. ఆమె బల్ల మీద బట్ట పరిచి కత్తిరిస్తుంటే ఎదురుగా నిలబడి, తనే కత్తిరిస్తున్నట్టు దవడలు కదిపాడు. ఆమె ముందు జాకెట్టు మెడ కత్తిరించింది, తర్వాత చంకలు, చివరికి చేతులు. కత్తెర విరగలేదు. పిన్ని దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి పెట్టె అడుగున పెట్టింది. ఇక తేనని ఆమె అనలేదు, తెమ్మని ఆయనా అనలేదు.

తిరిగొచ్చే దారిలో, మరి మీ సిద్ధాంతం ఏమైంది తాతయ్యా అని అడగడానికి నోరు తెరిచాను. ఆయన మొహం చూసి మూసేశాను. నేను నోరు మూసుకోవడం మా ఇంటి చరిత్రలో అదే మొదటిసారి.