ముప్ఫై నాలుగు జతల చెప్పులు

మా పక్కింటి పాస్టరుగారు మొన్న బుధవారం పొద్దున పోయారు. నేను చెత్తడబ్బా వీధిలోకి లాగుతుంటే వాళ్ళమ్మాయి వచ్చి, "అంకుల్, నాన్న ఇక లేరు" అంది. ఆ వెంటనే, "మా డబ్బా కూడా బయట పెట్టేస్తారా?" అని అడిగింది. పెట్టాను. ఆ ఇంటికి నేను చేసిన ఉపకారం అదొక్కటే. అపకారం కూడా ఒక్కటే చేశాను. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయనది భీమవరం దగ్గర పల్లె, నాది తణుకు. ఇద్దరమూ ఆస్ట్రేలియాలో పెర్త్‌లోని ఈ హారిస్‌డేల్‌కి వచ్చిపడి, ఒక రేకుల కంచెకి అటొకరూ ఇటొకరూ అయ్యాం. నేను రైసుమిల్లులో మోటార్లు బాగుచేసినవాణ్ణి. బడి చదువు ఐదో తరగతితో ఆగింది. తక్కినదంతా పకోడీలు కట్టిచ్చిన కాగితాలు విప్పి చదువుకున్నదే. ఆ కాగితాల్లో ఏ కథా చివరిదాకా ఉండేది కాదు. సగం చదివి మిగతా సగం నేనే ఊహించుకోవడం అలవాటైపోయింది. పాస్టరుగారి విషయంలోనూ అదే చేశాను.

ఆయన వయసులో ఉండగా భార్యాబిడ్డలతో నేపాల్ కొండల్లోకి వెళ్ళి పంతొమ్మిదేళ్ళు ఉన్నారు. ఊరికి ఒక పక్క శివాలయం, ఇంకో పక్క బౌద్ధుల మఠం. మధ్యలో ఒక మేకల కొట్టం, దాని మీద ఒక గది. ఆ గదిలో ఐదుగురితో సంఘం మొదలుపెట్టారు. అక్కడ మతం మార్పించడం నేరం.

"వాళ్ళకి వాళ్ళ దేవుళ్ళు లేరేటండీ, మీరు మోసుకెళ్ళడానికి?" అన్నాను ఒకసారి.

"ఉన్నారండి. నేనెవర్నీ లాక్కురాలేదు, పిలిచాను. వచ్చినవాళ్ళు వచ్చారు, రానివాళ్ళు టీ ఇచ్చి పంపేశారు. ప్రార్థన చేస్తే కొండలు కదుల్తాయంటారు గానండీ, నాకైతే మోకాళ్ళు అరిగాయి."

నేపాల్‌లో సెలవు శనివారం కాబట్టి అక్కడ ఆరాధన కూడా శనివారమే. ఇక్కడికొచ్చాక కూడా ఆయన రోజు మార్చలేదు. యూనివర్సిటీలో చదువుకుంటూ వృద్ధాశ్రమాల్లో పనిచేసుకునే నేపాలీలు వాళ్ళమ్మాయి గరాజ్‌లో చేరి మద్దెల వాయిస్తూ పాడేవారు.

"శనివారం మా వెంకన్నదండీ" అన్నాను కంచె మీంచి.

"మనిద్దరం ఒకే వీధిలో ఉండట్లేదేటండీ? మీ వెంకన్నా, మా ప్రభువూ సర్దుకుంటారు లెండి."

ఆయనకొక అలవాటుండేది. ఎవరింటికెళ్ళినా చెప్పులు గుమ్మం దగ్గర వదలరు. విప్పి, గుడ్డసంచిలో వేసుకుని లోపలికి తెచ్చుకుంటారు. మా మనవరాలి పుట్టినరోజుకీ అలాగే వచ్చారు. చెప్పులు పోవడమనేది నాకు తెలియనిదేమీ కాదు; నా పెళ్ళిలో నావే పోతే, మా మామగారివి తొడుక్కుని టపటపలాడిస్తూ ఊరేగాను. అయినా అంతమందిలో ఆయన్ని వదల్లేదు.

"ఏం పాస్టరుగారూ, మనుషుల్ని మీరు పట్టుకుపోతారు సరే, చెప్పులు మేం పట్టుకుపోతామనా?"

అందరూ పగలబడి నవ్వారు. ఆయన కూడా నవ్వి, సంచి ఒళ్ళో పెట్టుకుని పులిహోర తిన్నారు.

గరాజ్‌కి వచ్చే నేపాలీలు మాత్రం చెప్పులు బయటే వదిలేవారు. మొదట్లో ఆయనే ఏరి లోపల పెట్టేవారు. "ఇది ఆస్ట్రేలియా, పాస్టర్" అని వాళ్ళు నవ్వగా నవ్వగా ఒక శనివారం మానేశారు. వాకిట్లో నిలబడి ఆ చెప్పుల వంక, పురిటింట్లో బిడ్డని చూసినట్టు చూశారు. పట్టుకొచ్చిన మనుషుల్ని లెక్కచూసుకుని మురుస్తున్నారనుకున్నాను, నాకు ఒళ్ళు మండింది.

మా వాకిలికి అడ్డంగా కార్లు పెడుతున్నారని, మద్దెల మోత భరించలేకపోతున్నామని ఇక్కడి మునిసిపాలిటీ అయిన కౌన్సిల్‌కి రాశాను. ఋజువు కావాలి కదా. బాల్కనీలోంచి ఫొటో తీశాను. ముప్ఫై నాలుగు జతలని లెక్కపెట్టి రాశాను. "వాళ్ళ చెప్పులు లెక్కపెట్టడం తప్ప మీకింకో పని లేదా?" అంది మా ఆవిడ. ఇల్లన్నది కాపురానికే గాని, అనుమతి లేకుండా అంతమంది ఆరాధనకి కూడదని కౌన్సిల్ ఉత్తరం పంపింది. సంఘం చెదిరిపోయింది. కొందరు పక్క పేట కానింగ్ వేల్‌లో వేరే సంఘం చూసుకున్నారు. కొందరు ఎక్కడికీ వెళ్ళడం మానేశారు.

పాస్టరుగారు ఆ ఉత్తరం పట్టుకుని మా ఇంటికొచ్చారు. చెప్పులు సంచిలో ఉన్నాయి. ఉత్తరంలో ఫిర్యాదు చేసినవాడి పేరు లేదు, ఫొటో మాత్రం ఉంది. ఫొటో అంచున మా బాల్కనీ కరివేపాకు కుండీ ఉంది.

"బాగా తీశారండి. ఒక్క జత కూడా తప్పిపోలేదు."

"రూల్స్ ఉంటాయి కదండీ" అన్నాను.

అప్పుడు చెప్పారు, నాకు తెలియని సగం. ఆ కొండ మీద కూడా పక్కింటాయనే. మెట్ల కింద చెప్పులు లెక్కపెట్టి, పదకొండు జతలని పోలీసులకు చెప్పాడు. ఈయన తొమ్మిది నెలలు జైల్లో ఉన్నారు. ఆ నెలల్లోనే భార్య జ్వరంతో పోయింది. పాతిపెట్టడానికి ఊళ్ళో చోటివ్వకపోతే, సంఘంవాళ్ళు చీకటిపడ్డాక ఏటి ఒడ్డుకి మోసుకెళ్ళారు. ఈయన విడుదలై వచ్చేసరికి ఏరు ఆ ఒడ్డుని కోసేసింది. అప్పట్నుంచి ఆ సంఘంలో ఎవరూ చెప్పులు బయట వదల్లేదు.

"అతని మీద కోపం రాలేదా?"

"చాలా ఏళ్ళుందండి. ఇక్కడికొచ్చాక పోయిందనుకున్నాను." ఉత్తరం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. "పోలేదు."

తర్వాత నాలుగేళ్ళు బతికారు. కంచె మీంచి నేను పలకరిస్తే బదులిచ్చేవారు, తనంతట తాను పలకరించలేదు. క్షమించమని అడగాలని ప్రతి శనివారమూ అనుకునేవాణ్ణి. ఆ రోజు నాకు ఉపవాసం. ఖాళీ కడుపుతో మంచిమాట రాదని వాయిదా వేసేవాణ్ణి. ఆదివారం కడుపు నిండేది, మాట రాలేదు. కథకి రెండో సగం ఉంటుందని నాకు నేర్పిన మనిషి ఆయనొక్కరే. ఆ ఋణం అలాగే ఉండిపోయింది.

నిన్న శనివారం ఆయన కోసం వాళ్ళ గరాజ్‌లో ప్రార్థన జరిగింది. చెదిరిపోయినవాళ్ళందరూ వచ్చారు. నేను గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, చేత్తో పట్టుకుని లోపలికి అడుగు పెట్టాను. వాళ్ళమ్మాయి ఎదురొచ్చింది.

"బయటే వదిలేయండి అంకుల్. లెక్కపెట్టేవారు మీరొక్కరే. మీరు లోపలికొచ్చేశారుగా."

వెనక్కి వెళ్ళి వరస చివర విడిచాను. తలెత్తితే, గుమ్మం పక్క మేకుకి ఆయన గుడ్డసంచి వేలాడుతోంది. సంచి అడుగున, గుడ్డ లోంచి, రెండు చెప్పుల మడమల ఆకారం కనిపిస్తోంది.