పాపలు జాగ్రత్త

నాకు రాయడం సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. మధ్యమధ్యలో నవ్వొచ్చి కలం ఆపేస్తోంది, ఆలస్యమంతా దానివల్లే.

మా ఆయన పోర్టులో మూటలు దించేవాడు. ఆయన పోయిన ఏడాదికి, తొంభైల్లో, యూనివర్సిటీలో దోమల మీద పరిశోధన చేసేచోట నాకు ఊడ్చే పని దొరికింది. మల్కాపురం నుంచి రెండు బస్సులు మారి వెళ్ళేదాన్ని. దోమల్ని పనిగట్టుకుని పెంచుతారని ఎవరూ నాకు ముందు చెప్పలేదు. చెప్పినా నమ్మేదాన్ని కాదు. మా మల్కాపురంలో దోమల్ని మనం పెంచక్కర్లేదు, అవే మనల్ని పెంచుకుంటాయి.

అక్కడ పరిశోధన చేసే పిల్ల ఒకతె ఉండేది. పద్మనాభం వైపు రైతుల బిడ్డ. నేను వచ్చిన రోజునుంచే నన్ను "అప్పా" అని, సొంత అక్కని పిలిచినట్టు పిలిచేది. నేను చేరిన వారంలోనే ఓ శుక్రవారం సాయంత్రం, సంచి భుజాన వేసుకుని ఊరి బస్సుకి పరిగెడుతూ గుమ్మంలో ఆగింది.

"అప్పా, రెండ్రోజులు నానుండను. పాపలు జాగర్త! నెట్టులోనే ఉంచు, బయటకి రానీకు. సోమారం సారొచ్చి సూత్తారు."

నా చెవికి వినబడింది అదే. ఏ మేడం గారి కవలలో లోపలి గదిలో పడుకున్నారనుకుని మెల్లగా తలుపు తీశాను. పాపలు లేరు. బల్లకింద కూడా వంగి చూశాను. పెద్ద దోమతెర బోను ఒకటుంది. అందులో బేసిన్, బేసిన్ నిండా మురికినీళ్ళు, ఆ నీళ్ళలో గిలగిల్లాడే నల్లటి పురుగులు. పిల్లలు పడుకునే చోట ఇదేం అసహ్యమని ఒళ్ళు మండిపోయింది. బేసిన్ తీసి, ముగ్గుపొడితో తోమి, అద్దంలా చేశాను. బోనులో నా మెత్తటి పాతచీర నాలుగు మడతలేసి పరిచాను.

శనివారం బిస్కెట్ ప్యాకెట్ పట్టుకెళ్ళి మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఏ పాపా రాలేదు. ప్యాకెట్ అక్కడే పెట్టి వచ్చేశాను.

సోమవారం పొద్దున్నే ఆ పిల్ల వచ్చింది. బోనులో చీర చూసింది, బిస్కెట్లు చూసింది, నన్ను చూసింది.

"అప్పా, నా ప్యూపాలేవి?"

"అదే నానూ అడుగుదామనుకుంతన్నాను. పాపలు రానేలేదమ్మా."

"బేసిన్లో ఉన్నాయి కదప్పా! నల్లగా, వంకరగా!"

"ఓలమ్మో! ఆ పురుగులా? తీసీసాను!"

పిల్ల నేలమీద చతికిలబడిపోయింది. ఏడుస్తూనే చెప్పింది. పురుగు దోమ కాబోయే ముందు ప్యూపా అవుతుందట. ఇవి మా మల్కాపురం పీపాల్లోంచి తెచ్చిన జాతి, మందు కొట్టినా చావని జాతి. ఎందుకు చావవో కనిపెట్టడానికి రెండేళ్ళుగా సాకుతోంది. ఈమధ్య కుందేలు రక్తం ముట్టడం లేదు, గుడ్లు పెట్టడం లేదు. ఇదే ఆఖరి బేసిన్. ఇదీ పోతే అన్నీ వదిలేసి మొదటినుంచి వేరేది మొదలెట్టమని, పరిశోధన చేయించే సారు ముందే చెప్పేశారు. ఆయన పదకొండింటికి వస్తారు.

"ఏ మట్టిలో పోసీసావప్పా?"

"మట్టిలోనా? ఎండాకాలం నీళ్ళు మట్టిలో పోసే మొకమేనా నాది? ఆడోల్ల బాత్రూము బకెట్లో దాసేను!"

రెండ్రోజులకోసారి కుళాయి వచ్చే రోజులవి. ఎంత మురికివైనా మా పేటలో ఎవరూ నీళ్ళు పారబొయ్యరు.

పిల్ల లేచి బల్లమీది గొట్టం, గ్లాసు, అట్టముక్క అందుకుని పరిగెత్తింది, వెనక నేను. బాత్రూము తలుపు బెత్తెడు తీసి ఇద్దరం లోపలికి దూరి ధడాలున మూశాం. గోడలు, తలుపు, అద్దం, ఎక్కడ చూసినా దోమలే. ఆకలిమీదున్నాయేమో, నా చేతులమీద ముసిరాయి. నా చెయ్యి దానంతటదే లేచింది.

"కొట్టకప్పా! అది నా పీహెచ్‌డీ!"

గాల్లోనే ఆగిపోయింది చెయ్యి. రబ్బరు గొట్టం తగిలించిన గాజు గొట్టం ఆ పిల్ల చేతిలో ఉంది. నోటితో పీల్చి ఒక్కో దోమనీ పడుతోంది. నేను ప్లాస్టిక్ గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క దోపి పడుతున్నాను. జీవితమంతా దోమని కొట్టడమే తెలిసిన దాన్ని, కుడుతుంటే కళ్ళు మూసుకుని "తాగమ్మా, తాగు తల్లీ" అంటున్నాను. నా ముక్కుమీద ఒకటి వాలింది.

"కదలకప్పా. ఆడది. అదే కావాల!"

"నవ్వొత్తంది పిల్లా, తొరగా పీల్సు!"

ఆ పిల్ల పీలుస్తూ నవ్వింది. గొట్టంలో దోమలన్నీ గిర్రున తిరిగాయి. దాంతో నేనూ పగలబడి నవ్వాను. మా ఆయన పోయాక నేను నోరారా నవ్వింది అక్కడే, ఆ బాత్రూములోనే.

బయట సారు గొంతు వినబడింది. "బోను ఖాళీగా ఉందేమిటమ్మా? ప్యూపాలేవి?"

"దోమలైపోయాయి సార్!" అంది లోపల్నుంచే.

"ఎక్కడ?"

"ఇక్కడే సార్. బాత్రూములో."

సారు అడుగులు తలుపుదాకా వచ్చి ఆగిపోయాయి. ఆడవాళ్ళ బాత్రూములోకి ఆయన రాలేరు కదా.

"బోనులో బిస్కెట్లెందుకమ్మా?" అన్నారు చివరికి.

మేమిద్దరం ఒకరినోరు ఒకరం మూశాం.

దొరికినన్ని బోనులోకి చేర్చాం. సారు ఆ వారం చూద్దామన్నారు. నా చేతులు మోచేతిదాకా దద్దుర్లు. గురువారం ఆ పిల్ల బోనులోని తడికాగితం పట్టుకుని, గోనెపట్ట మీద కూర్చున్న నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. కాగితం నిండా ఆవగింజకంటే సన్నటి నల్లచుక్కలు. గుడ్లు! కుందేలు వద్దన్న మహాతల్లులు నా రక్తం తాగి కన్నారు.

"అప్పా, నువ్వు మామ్మవైపోనావు!" అని నన్ను గిర్రున తిప్పేసింది.

ఆ గుడ్లు పురుగులయ్యాక కొత్త బేసిన్ మీద చీటీ అంటించింది. నేను కూడబలుక్కుని చదవగలిగేలా పెద్దక్షరాలతో రాసింది. పాపలు, ముట్టుకోరాదు. సారు చూశారు, జేబులోంచి కలం తీశారు, దిద్దుతారనుకున్నాను. ముట్టుకోరాదు అన్నదాని అడుగున గీత ఒకటి గీసి వెళ్ళిపోయారు.